పోప్ ఫ్రాన్సిస్‌ను మనవాడు అనుకోవచ్చా? సభ పెట్టేముందు మీ మాట కావాలి

కృష్ణాతీరం
ఏప్రిల్ 7, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా ఊళ్లో ఓ ఇరవై మందిమి కలిసి ఒక చదువరుల బృందం నడుపుకుంటున్నాం. నెలకో ఆదివారం గ్రంథాలయం మేడ మీద కూర్చుని ఏదో ఒక విషయం మాట్లాడుకుంటాం. దాదాపు అందరివీ వామపక్ష భావాలే. సగం మందికి దేవుడి మీద నమ్మకం లేదు, నాకూ లేదు.

ఈ నెల 21కి పోప్ ఫ్రాన్సిస్ పోయి ఏడాది అవుతుంది. 19న ఆదివారం ఆయన గురించి సభ పెడదామని నేను అన్నాను. కొందరు వెంటనే సరే అన్నారు. మిగతావాళ్లు "మన వేదిక మీద పోపుకేం పని?" అని అడ్డం తిరిగారు. మా బృందం మొదలుపెట్టిన పెద్దాయన "అబార్షన్‌ను హత్య అన్నవాడికి మనం దండ వేస్తామా?" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే అది అబద్ధం కాదు.

నాకు ఆయన మీద అభిమానం ఎలా మొదలైందో చెబుతాను. 2013 నవంబర్‌లో ఆయన రాసిన తొలి ఉపదేశ పత్రంలో ఒక వాక్యం పేపర్లో చదివాను. ఇల్లు లేని ముసలాయన చలికి వీధిలో చనిపోతే వార్త కాదట, స్టాక్ మార్కెట్ రెండు పాయింట్లు పడితే వార్తట, ఇదెలా కుదిరింది అని అడుగుతారు. దాని దగ్గర్లోనే "ఇలాంటి ఆర్థిక వ్యవస్థ చంపేస్తుంది" అని ఉంటుంది. ఆ పేపర్ ముక్క కత్తిరించి నా బ్యాంకు పాస్‌బుక్కులో పెట్టుకున్నాను. ఇప్పటికీ ఉంది. మా పార్టీల నాయకులు ఆ మాట అంత తేలిగ్గా, అంత మంటగా చెప్పి ఎన్నేళ్లయిందో!

నా ప్రశ్న ఒక్కటే. మనలాంటివాళ్లు ఆయన్ని ప్రేమించడం సరైనదేనా? లేక మనకు నచ్చిన ముక్కలు ఏరుకుని మిగతావి వినిపించుకోలేదా? దయచేసి వివరంగా రాయండి. ఇక్కడ వచ్చిన మాటలు మా వాళ్లకు చదివి వినిపిస్తాను.

షికాగో_శ్రీను
ఏప్రిల్ 7, రాత్రి 11:15

అన్నా, మంచి చర్చ పెట్టావు. ఇక్కడ అమెరికాలో ఏం జరిగిందో చెబుతాను, అంకెలతో సహా.

మొదట్లో అందరూ నెత్తిన పెట్టుకున్నారు. 2013లో టైమ్ పత్రిక ఆయన్ని ఆ ఏటి మేటి వ్యక్తి అంది. గే హక్కుల కోసం పనిచేసే ది అడ్వొకేట్ పత్రిక కూడా అదే గౌరవం ఇచ్చింది. ఆ రెండోది చూసి మా ఆఫీసులో జనం నోరెళ్లబెట్టారు. గాలప్ సర్వేలో 2014 ఫిబ్రవరి నాటికి 76 శాతం అమెరికన్లు ఆయన మీద మంచి అభిప్రాయం చెప్పారు. ఏడాదిన్నర తిరగకుండా, 2015 జూలైకి, అది 59కి దిగింది. కన్సర్వేటివ్‌లలో 72 నుంచి 45కి పడింది. పర్యావరణం మీద, మార్కెట్ మీద ఆయన మాటలు వాళ్లకు నచ్చలేదని అందరూ అనుకున్నారు, అది ఊహించదగినదే.

కానీ లిబరల్స్‌లో కూడా 82 నుంచి 68కి తగ్గింది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నా అంచనా ఏమిటంటే, మన వైపు వాళ్లు ఆయన నుంచి చర్చి చట్టాలే మారిపోతాయని ఆశించారు. స్వరం మారింది, చట్టం మారలేదు. ఆశపడ్డవాళ్లు అలిగారు.

2015 సెప్టెంబర్ 24న అమెరికా కాంగ్రెస్‌లో (ఇక్కడి చట్టసభలో) ఆయన ప్రసంగం నేను లైవ్‌లో చూశాను. అమెరికాకు నలుగురిని గుర్తు చేశారు: లింకన్, మార్టిన్ లూథర్ కింగ్, డొరొతీ డే, సన్యాసి రచయిత థామస్ మెర్టన్. డొరొతీ డే పేరు ఆ సభలో వినిపించినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. సోషలిస్టు ఉద్యమంలోంచి వచ్చి, కార్మికుల కోసం పత్రిక నడిపి, జైళ్లకు వెళ్లిన మనిషి ఆవిడ. అదే ప్రసంగంలో మరణశిక్ష రద్దు చేయమన్నారు, ఆయుధాల వ్యాపారం డబ్బు రక్తంలో తడిసిందన్నారు.

అదే పర్యటనలో ఆయన కిమ్ డేవిస్‌ను కలిశారని తర్వాత బయటపడింది. స్వలింగ జంటలకు పెళ్లి సర్టిఫికెట్లు ఇవ్వనని మొండికేసిన కెంటకీ ఉద్యోగిని. దాన్ని మద్దతుగా చూడొద్దని వాటికన్ ప్రకటన ఇచ్చింది గానీ, మా మిత్రులు చాలామంది ఆ రోజే ఆయన్ని వదిలేశారు.

మంజీర
ఏప్రిల్ 8, ఉదయం 7:05

నేను సభ వద్దు అనే పక్షం. కారణాలు చెబుతాను.

2018 అక్టోబర్‌లో ఆయన అబార్షన్ గురించి ఏమన్నారో గుర్తుందా? సమస్య తీర్చుకోవడానికి కిరాయి హంతకుడిని పెట్టుకోవడం లాంటిదన్నారు. ఒకసారి నోరు జారిన మాట కాదు, తర్వాత కూడా అన్నారు. ఆయన సొంత దేశం అర్జెంటీనాలో ఆడవాళ్లు పచ్చ రుమాళ్లు మెడకు కట్టుకుని ఏళ్ల తరబడి వీధుల్లో నిలబడి, 2020 డిసెంబర్ 30న చట్టం సాధించుకున్నారు. ఆ పోరాటంలో ఆయన వాళ్లకు ఎదురుగా ఉన్నారు. పేదల పోప్ అంటారు కదా, దొంగచాటు అబార్షన్లలో చచ్చిపోయేది ఎవరు? పేద ఆడవాళ్లే.

నేను పదకొండేళ్లు ప్రభుత్వ ఆస్పత్రి ప్రసూతి వార్డులో పనిచేశాను. ఒక పదిహేడేళ్ల పిల్లను నాటు మందు వికటించాక తీసుకొచ్చారు. వాళ్లమ్మ చేతిలో ఒక స్టీలు డబ్బా, అందులో పిల్లకిష్టమని తెచ్చిన పెరుగన్నం. ఆ పిల్ల తినలేదు, రెండో రోజు పోయింది. ఆ డబ్బా మూత తీయకుండానే ఆవిడ ఇంటికి పట్టుకెళ్లింది. కిరాయి హంతకుడు అన్న మాట విన్నప్పుడు నాకు ఆ డబ్బా కళ్లముందుకొచ్చింది.

ఇంకా ఉంది. 2024 సెప్టెంబర్‌లో బెల్జియంలోని లూవేన్-లా-నూవ్‌లో, ఒక కథోలిక విశ్వవిద్యాలయమే ఆయన స్త్రీల గురించి మాట్లాడిన తీరు తప్పని, ఆడదాన్ని ఒక మూసలో కుదిస్తోందని ఆయన ప్రసంగం ముగిసిన కాసేపటికే ప్రకటన ఇచ్చింది. స్త్రీలను డీకన్లుగా (ఫాదర్ల కింది హోదాలో చర్చి సేవకులుగా) తీసుకోవచ్చా అని కమిటీల మీద కమిటీలు వేసి, చివరకు 2024లో టీవీ ఇంటర్వ్యూలో కుదరదని చెప్పేశారు. సగం మానవజాతికి తలుపు మూసి ఉంచిన వ్యవస్థ అధిపతి ఆయన. ఆయన నవ్వు బాగుంటుందని ఆ తలుపును మర్చిపోలేను.

గుణదల_భక్తుడు
ఏప్రిల్ 8, ఉదయం 8:20

మీ అందరికీ వందనాలు. నేను కథోలికుడిని, మీ రాజకీయాలు నావి కావు. ఒక విషయం సరిచేయాలనిపించి రాస్తున్నాను.

పాపుగారిని మీరు ఎర్రజెండా మనిషిగా చూస్తున్నారు. ఆయన చెప్పినవి చాలావరకు శ్రీసభ, అంటే మా కథోలిక చర్చి, ఎప్పటినుంచో చెబుతున్నవే. కార్మికుడికి న్యాయమైన కూలి ఇవ్వాలని 13వ లియో పాపుగారు 1891లోనే రాశారు. 1967లో ఆరో పౌలు గారు ఆస్తి హక్కు షరతులు లేనిది కాదని రాశారు. ఫ్రాన్సిస్ గారు దాన్నే మామూలు మనుషుల మాటల్లో పెట్టారు. పుట్టబోయే బిడ్డ ప్రాణం గురించి చెప్పిందీ, సముద్రంలో మునిగిపోతున్న వలసదారుడి గురించి చెప్పిందీ ఆయనకు ఒకటే మాట. మీరు ఒకదానికి చప్పట్లు కొట్టి ఇంకోదానికి ముఖం తిప్పుకుంటే అది ఆయన తప్పు కాదు. మా వాళ్లలో కొందరు దీనికి రివర్సులో చేశారు, వాళ్లూ తప్పే.

పాత_మాస్టారు
ఏప్రిల్ 8, మధ్యాహ్నం 3:30

భక్తుడు గారు చెప్పిన చరిత్ర నిజం. కానీ అర్జెంటీనాను వదిలేసి ఆయన్ని అర్థం చేసుకోలేం. నేను లాటిన్ అమెరికా రాజకీయాలు నలభై ఏళ్లుగా చదువుతున్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

2013 మార్చి 13న ఆయన ఎన్నికైనప్పుడు అక్కడి వామపక్షాలు సంతోషించలేదు. అనుమానించాయి. 1976లో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు బెర్గోలియో (ఫ్రాన్సిస్ అసలు పేరు అదే) ఆ దేశంలో జెసూట్లనే కథోలిక సన్యాసుల సంఘానికి అధిపతి. ఆ ఏడాది మే నెలలో పేటల్లో పనిచేస్తున్న ఇద్దరు జెసూట్ గురువులను (ఫాదర్లను), ఓర్లాండో యోరియో, ఫ్రాన్స్ యాలిక్స్ అనేవాళ్లను, సైన్యం ఎత్తుకెళ్లి ఐదు నెలలు చిత్రహింసలు పెట్టింది. ఆయన వాళ్లకు రక్షణ లేకుండా వదిలేశారని ఒక ప్రముఖ పాత్రికేయుడు, ఒరాసియో వెర్బిట్‌స్కీ, ఏళ్ల తరబడి రాశారు. యోరియో అదే నమ్మకంతో 2000లో చనిపోయారు. యాలిక్స్ మాత్రం 2013లో బెర్గోలియో తమను పట్టివ్వలేదని ప్రకటించారు. నోబెల్ శాంతి బహుమతి పొందిన పెరెస్ ఎస్కివెల్ కూడా ఆయనకు నియంతలతో సంబంధం లేదన్నారు. నా అభిప్రాయం అడిగితే, ఆయన నేరస్తుడు కాదు, అప్పట్లో వీరుడూ కాదు. లోపల్లోపల కొందరిని దాచారు, తప్పించారు. బయటకు గొంతెత్తలేదు.

ఇందులో నన్ను కదిలించే మనిషి ఇంకొకరున్నారు. ఎస్తెర్ బాలెస్త్రీనో అని పరాగ్వే నుంచి వచ్చిన రసాయన శాస్త్రవేత్త, మార్క్సిస్టు. గురువు కాకముందు కుర్రాడు బెర్గోలియో ప్రయోగశాలలో పనిచేసినప్పుడు ఆవిడే పైఅధికారి. పని ఎంత శ్రద్ధగా చేయాలో ఆవిడ దగ్గరే నేర్చుకున్నానని ఆయన జీవితాంతం చెప్పుకున్నారు. నియంతృత్వం వచ్చాక ఇంటి మీద సోదాలు జరిగేలా ఉంటే, ఆవిడ తన మార్క్సిస్టు పుస్తకాలు దాచమని ఆయన్ని అడిగింది. ఆయన తీసుకెళ్లి దాచారు. ఆ రోజుల్లో ఆ పుస్తకాలు దొరికితే ఏమయ్యేదో ఆలోచించండి. తర్వాత ఆవిడ పదహారేళ్ల కూతుర్ని, గర్భంతో ఉన్న పిల్లను, సైన్యం ఎత్తుకెళ్లింది. పిల్ల తిరిగొచ్చింది. అయినా ఆ తల్లి ఇంట్లో కూర్చోలేదు. మిగతా తల్లుల బిడ్డలు తిరిగి రాలేదుగా అని మాయో కూడలి తల్లులతో, అంటే మాయమైన బిడ్డల కోసం ఆ కూడలిలో నిరసన తెలిపే తల్లులతో, నిలబడింది. 1977 డిసెంబర్‌లో ఆవిడను పట్టుకెళ్లి విమానంలోంచి సముద్రంలో పడేశారు. 2005లో ఎముకలు గుర్తుపట్టాక, చివరిసారి ఆవిడ కనిపించిన చర్చి ఆవరణలోనే పూడ్చడానికి అప్పటి ఆర్చిబిషప్‌గా బెర్గోలియోనే అనుమతి ఇచ్చారు.

ఒక మార్క్సిస్టు స్త్రీని గురువుగా చెప్పుకున్న పోప్ ఆయన. కృష్ణాతీరం గారూ, మీ సభలో ఇంకేం చెప్పకపోయినా ఎస్తెర్ గురించి చెప్పండి.

మంజీర
ఏప్రిల్ 8, సాయంత్రం 6:10

మాస్టారూ, ఎస్తెర్ గురించి నాకు ఇంతవరకూ తెలియదు. చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నా మాట వెనక్కి తీసుకోను. కానీ ఆవిడ గురించి చెప్పినందుకు మీకు ధన్యవాదాలు.

సప్తవర్ణం
ఏప్రిల్ 8, రాత్రి 10:50

ఈ వేదికలో ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదలు. నేను గే. మాది హైదరాబాద్, పుట్టుకతో హిందువుని.

2013 జూలైలో ఆయన బ్రెజిల్ నుంచి తిరిగొస్తూ విమానంలో "తీర్పు తీర్చడానికి నేనెవరిని?" అన్నారు. అప్పుడు నాకు ఇరవై రెండు. ఇంట్లో ఎవరికీ తెలియదు. అదే ఏడాది డిసెంబర్ 11న మన సుప్రీంకోర్టు 377 సెక్షన్‌ను తిరిగి నిలబెట్టింది, అంటే నేను మళ్లీ నేరస్తుణ్ణి అయ్యాను. ఆ రాత్రి హాస్టల్ టెర్రస్ మీద కూర్చుని ఫోన్‌లో ఆ పోప్ వీడియో పదిసార్లు చూశాను. నా దేశంలో అత్యున్నత న్యాయస్థానం అనని మాట, నాది కాని మతానికి పెద్దాయన అన్నాడు. ఆ రాత్రి నాకు అది అవసరమైంది. ఎంత అవసరమైందో లెక్కగా చెప్పలేను.

తర్వాత అన్నీ చదివాను. 2010లో అర్జెంటీనాలో స్వలింగ వివాహ చట్టాన్ని ఆయన ఎంత తీవ్రంగా వ్యతిరేకించారో తెలుసు. 2024లో బిషప్పుల సమావేశంలో మా గురించి వాడిన బూతు మాట బయటికొచ్చి వాటికన్ క్షమాపణ చెప్పిందీ తెలుసు. అదే మనిషి 2023 జనవరిలో స్వలింగ సంపర్కం నేరం కాదు, నేరమనే చట్టాలు అన్యాయం అన్నారు. ఆ ఏడాది డిసెంబర్‌లో మాలాంటి జంటలను ఆశీర్వదించడానికి గురువులకు అనుమతిచ్చారు. పెళ్లి కాదు, ఆశీర్వాదం. ఆఫ్రికాలో బిషప్పులు మేం చేయబోమన్నారు. అయినా వెనక్కి తీసుకోలేదు.

అంత్యక్రియల రోజు శవపేటికను సాంటా మరియా మజ్జోరె చర్చికి తెచ్చినప్పుడు మెట్ల మీద స్వాగతం చెప్పినవాళ్లెవరో చూశారా? ఇళ్లు లేనివాళ్లు, ఖైదీలు, వలసదారులు, ట్రాన్స్ మనుషులు. ఒక్కొక్కరి చేతిలో ఒక తెల్ల గులాబీ. రాజులు, అధ్యక్షులు అంతకుముందే పెద్ద కూడలిలో కూర్చుని వెళ్లిపోయారు. చివరి మెట్టు దగ్గర మావాళ్లున్నారు. నాకు సభ కావాలి.

కృష్ణాతీరం
ఏప్రిల్ 8, రాత్రి 11:20

తమ్ముడూ, రాసినందుకు గుండె నిండిపోయింది. ఇంకేం అనలేను.

నిర్వాహకుడు
ఏప్రిల్ 9, ఉదయం 9:00

మత మార్పిడుల మీద దూషణలతో వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఈ చర్చ ఒక మనిషి గురించి, ఆయన్ని మనం చూసిన తీరు గురించి. దాని మీదే ఉందాం.

నంద్యాల_అబ్బాయి
ఏప్రిల్ 9, మధ్యాహ్నం 1:15

మాది నంద్యాల వైపు. మాదిగ క్రైస్తవ కుటుంబం, ఆర్సీఎం, అంటే రోమన్ కథోలికులం. మీరెవరూ ఇంతవరకూ కార్డినల్ (పోప్‌ను ఎన్నుకునే పెద్దల్లో ఒకరు) పూల ఆంథోని గారి పేరు ఎత్తలేదు, ఆశ్చర్యంగా ఉంది.

ఆయనది మా పక్క చిందుకూరు. పేదరికం వల్ల మధ్యలో చదువు ఆగిపోతే మిషనరీలు తిరిగి బడికి పంపారని ఆయనే చెప్పుకున్నారు. కర్నూలు మేత్రాణులుగా (బిషప్‌గా) చేసి, తర్వాత హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) అయ్యారు. 2022 ఆగస్టు 27న ఫ్రాన్సిస్ పాపుగారు ఆయన్ని కార్డినల్ చేశారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లో మొదటి కార్డినల్. ఇంతకాలం మన దేశంలో కథోలికుల్లో పెద్ద భాగం దళితులే, కానీ ఎర్ర టోపీ ఒక్కరి తల మీదా పడలేదు. శ్రీసభ లోపల కుల వివక్ష ఉందని భారత మేత్రాణుల సమాఖ్య 2016లో తన విధాన పత్రంలోనే ఒప్పుకుంది. మా ఊళ్ల సంగతి మాకు పత్రాలు చెప్పక్కర్లేదు. మా తాతకు సమాధి చోటు ఎక్కడ ఇచ్చారో నాకు తెలుసు.

మీ అభ్యుదయవాదులకు నాది ఒక్క ప్రశ్న. వాషింగ్టన్‌లో ఏమన్నారు, అర్జెంటీనాలో ఏం చేశారు అని చర్చిస్తున్నారు, మంచిదే. ఇక్కడ నా సర్టిఫికెట్ మీద బీసీ-సి అని ఉంటుంది. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకు ఆంధ్రలో ఒక్క శాతం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం నేను ఎస్సీని కాను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, మాకు లేదు. 2023 మార్చిలో ఆంధ్ర శాసనసభ మాకూ ఇవ్వాలని తీర్మానం చేసింది, అది ఢిల్లీలో ఎక్కడో ఉంది. గుడికెళ్లినా, చర్చికెళ్లినా ఊళ్లో నన్ను పిలిచే పేరు మారలేదు. ఫ్రాన్సిస్‌ను మెచ్చుకునే ఎంతమంది ఈ విషయం మీద ఒక వ్యాసమైనా రాశారు?

కోపంతో రాయట్లేదు. 2025 మే 7న కొత్త పోప్‌ను ఎన్నుకోవడానికి కార్డినల్స్ వరసగా సిస్టీన్ చాపెల్‌లోకి నడుస్తుంటే మా వీధిలో ఒకే టీవీ ముందు నలభై మంది కూర్చున్నాం. పూల గారు కనిపించగానే మా నాయనమ్మ లేచి నిలబడింది. ఎందుకు నిలబడ్డావని ఎవరూ అడగలేదు.

పాత_మాస్టారు
ఏప్రిల్ 9, మధ్యాహ్నం 2:40

బాబూ, నీ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. నేను రాయలేదు. రాయాల్సింది.

షికాగో_శ్రీను
ఏప్రిల్ 9, రాత్రి 8:00

నేనూ రాయలేదు అన్నా. అసలు బీసీ-సి అంటే ఏమిటో నాకు ఇవాళే తెలిసింది.

ఫిలోమిన
ఏప్రిల్ 9, రాత్రి 9:45

మంజీర అక్కా, మీ స్టీలు డబ్బా మాట చదివి ఏడ్చాను. నేను గుంటూరు వైపు కథోలిక కుటుంబంలో పుట్టాను. ఆదివారం పూజకు వెళ్తాను, స్త్రీల హక్కుల సంఘంలోనూ పనిచేస్తాను. రెండు చోట్లా నన్ను సగం నమ్ముతారు. మీరు చెప్పిన ప్రతి విషయంలో నేను మీతో ఉన్నాను. దానికి నా విశ్వాసం అడ్డం రాదు.

ఒక్కటి మాత్రం జోడిస్తాను. 2018 జనవరిలో ఆయన చిలీ వెళ్లారు. అక్కడ ఒక గురువు పిల్లలపై చేసిన అఘాయిత్యాలు చూస్తూ ఊరుకున్నాడని ఆరోపణ ఉన్న బిషప్ బర్రోస్‌ను ఫ్రాన్సిసే ఒసోర్నో అనే ఊరికి నియమించారు. ఆ ఊరి విశ్వాసులు మూడేళ్లు నల్ల బట్టలు వేసుకుని నిరసన తెలిపారు. విలేకరులు అడిగితే రుజువు తెండి, ఇదంతా అపనింద అన్నారాయన. బాధితుల ముఖం మీద కొట్టినట్టయింది. నేను ఆ వారం పూజకు వెళ్లలేదు.

తర్వాత జరిగింది మాత్రం నేను చర్చిలో ఎప్పుడూ చూడనిది. విచారణకు మనిషిని పంపారు, 2,300 పేజీల నివేదిక వచ్చింది. ఏప్రిల్‌లో బహిరంగంగా, నేను ఘోరంగా పొరబడ్డాను అని రాశారు. హువాన్ కార్లోస్ క్రూజ్ మొదలైన ముగ్గురు బాధితులను తన ఇంటికి పిలిపించి, ఒక్కొక్కరితో గంటల తరబడి కూర్చుని, సమస్యలో నేనూ భాగమే అని క్షమాపణ అడిగారు. మే నెలలో చిలీ బిషప్పులందరూ రాజీనామా పత్రాలు ఇచ్చారు. క్రూజ్‌ను 2021లో పిల్లల రక్షణ కమిషన్‌లో సభ్యుడిని చేశారు. తాను అబద్ధాలకోరని అన్న మనిషినే పక్కన కూర్చోబెట్టుకున్నారు.

దీనితో అన్నీ మాఫీ కావు. వేరే కేసుల్లో ఆలస్యం చేశారు, కళంకితులను కాపాడారనే విమర్శ చివరిదాకా ఉంది. కానీ మా ఇళ్లలో, మా సంఘాల్లో, మా పార్టీల్లో, తప్పు చేశానని ఒక పెద్ద మగమనిషి నోరు తెరిచి చెప్పడం నేను చూడలేదు అక్కా. 82 ఏళ్లకు దగ్గరపడ్డ పోప్ చెప్పడం చూశాను.

మంజీర
ఏప్రిల్ 10, ఉదయం 6:30

ఫిలోమినా, నీ జవాబు రాత్రి చదివాను, నిద్ర పట్టలేదు.

మా ఆస్పత్రిలో ఆ పిల్ల పోయాక ఎవరూ ఆ తల్లికి ఒక్క మాట చెప్పలేదు. ముందురోజు నొప్పి అంటే "అరవకు" అని కసిరింది కూడా మా వార్డువాళ్లే. క్షమాపణ అన్న మాటకు విలువ ఉంది, ఒప్పుకుంటాను. అబార్షన్ విషయంలో ఆయన అలాంటి తల్లితో గంటలు కూర్చుని ఉంటే ఏమనేవారో అనిపిస్తోంది. కూర్చుని విన్నచోట మారారు. విననిచోట మారలేదు. నాకు ఆయన మీద ఉన్న కోపం ఇదే, ఇప్పుడు స్పష్టమైంది.

గుణదల_భక్తుడు
ఏప్రిల్ 10, ఉదయం 8:05

చెల్లెమ్మా, నేను మీతో ఏకీభవించను. కానీ ఆ బిడ్డ కోసం, ఆ తల్లి కోసం ఇవాళ ఉదయం పూజలో ప్రార్థించాను. పేరు తెలియదు కాబట్టి పేరు లేకుండానే.

మంజీర
ఏప్రిల్ 10, ఉదయం 8:30

సంతోషం అన్నయ్యా.

పాత_మాస్టారు
ఏప్రిల్ 10, సాయంత్రం 5:20

ఇంకో సంగతి చెప్పి ఆపేస్తాను. 2014 అక్టోబర్‌లో వాటికన్‌కు ఆయన ఎవరిని పిలిచారో మన పత్రికలు సరిగా రాయలేదు. చెత్త కాగితాలు ఏరుకునేవాళ్లు, భూమి లేని కూలీలు, వీధి వ్యాపారులు, పేటల్లో ఇళ్ల కోసం పోరాడేవాళ్లు. ప్రజా ఉద్యమాల సమావేశం అని పేరు. భూమి, ఇల్లు, పని ఈ మూడూ పవిత్రమైన హక్కులన్నారు. మన కూడు, గూడు, గుడ్డ లాంటి నినాదమే. వీటి గురించి మాట్లాడితే పోప్ కమ్యూనిస్టు అంటారు, పేదల మీద ప్రేమ సువార్త నడిబొడ్డున ఉందని వాళ్లకు అర్థం కాదు అన్నారు. మరుసటి ఏడాది బొలీవియాలో రెండో సమావేశం పెట్టి, అమెరికా ఖండం ఆక్రమణలో ఆదివాసుల మీద జరిగిన నేరాలకు చర్చి తరఫున క్షమాపణ అడిగారు.

నాకు అందులో ముఖ్యంగా కనిపించేది వేదిక. వాళ్లకు దానం చేయడానికి పిలవలేదు, మాట్లాడటానికి పిలిచారు. కాగితాలు ఏరుకునే ఒక కార్మికుడిని తన పదవీ స్వీకారానికి కూడా పిలిపించి, పెద్దల మధ్య కూర్చోబెట్టారు. మన సభల్లో వేదిక మీద ఎవరు కూర్చుంటారో ఒకసారి తలుచుకోండి. నన్ను కూడా కలిపే అంటున్నాను.

షికాగో_శ్రీను
ఏప్రిల్ 10, రాత్రి 10:10

చివరి రోజుల సంగతి కూడా మీ వాళ్లకు చెప్పు అన్నా. 2025 ఫిబ్రవరి 10న అమెరికా బిషప్పులకు ఉత్తరం రాశారు, వలసదారులను మూకుమ్మడిగా వెళ్లగొట్టడం మనిషి గౌరవాన్ని దెబ్బతీస్తుందని. నాలుగు రోజులకే ఆస్పత్రిలో చేరారు. ముందు నా వాళ్లు, తర్వాతే మిగతావాళ్లు అనే ప్రేమకు మతం రంగు పూయొద్దని, బైబిల్లో పరాయివాడిని ఆదుకున్న మంచి సమరయుడి కథ చదవమని అందులో ఉంది. నేను హెచ్1 మీద వచ్చి పద్నాలుగేళ్లు గ్రీన్‌కార్డ్ కోసం ఎదురుచూస్తున్న మనిషిని. టెన్షన్‌తో ఫోన్ చూసుకునే ఆ రోజుల్లో మా వైపు నిలబడి రాసిన పెద్ద మనిషి ఆయనొక్కడే అనిపించింది.

2024లో ప్యూ సర్వేలో డెమొక్రాట్ కథోలికుల్లో 89 శాతం ఆయన్ని మెచ్చుకున్నారు, రిపబ్లికన్ కథోలికుల్లో 63. పదేళ్ల ముందు ఆ రెండు గుంపుల మధ్య ఇంత తేడా లేదు. ఆయన చెప్పేది పెద్దగా మారలేదు. వినేవాళ్లు విడిపోయారు.

గాజా గురించి కూడా. 2023 అక్టోబర్ నుంచి అక్కడి చిన్న చర్చికి దాదాపు ప్రతి సాయంత్రం ఫోన్ చేసేవారు. ఏం తిన్నారు, పిల్లలెలా ఉన్నారు అని అడిగేవారట. ఆస్పత్రి మంచం మీద నుంచి కూడా చేశారు. చనిపోవడానికి రెండు రోజుల ముందు, శనివారం, ఆఖరి ఫోన్.

కృష్ణాతీరం
ఏప్రిల్ 11, రాత్రి 9:00

ఇవాళ సాయంత్రం మా వాళ్లందరికీ ఈ చర్చ మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. గంటన్నర పట్టింది. మంజీర గారి డబ్బా దగ్గర మా పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నంద్యాల అబ్బాయి ప్రశ్న దగ్గర ఎవరూ మాట్లాడలేదు.

సభ 19న సాయంత్రం 5 గంటలకు, గ్రంథాలయం మేడ మీదే. సంస్మరణ అన్న మాట తీసేశాం, దండలు, ఫొటో ఉండవు. "ఫ్రాన్సిస్: ఎవరి మాట విన్నారు, ఎవరి మాట వినలేదు" అని పేరు పెట్టాం. ఆ పేరు పెద్దాయన పెట్టిందే, మంజీర గారి మాటలోంచి తీసుకుని. మాస్టారు ఎస్తెర్ గురించి మాట్లాడాలని కోరుతున్నాం. సప్తవర్ణం తమ్ముడు రాసింది, పేరు లేకుండా, మా అమ్మాయి చదువుతుంది, తను ఒప్పుకుంటేనే. మొదటి ప్రసంగం నంద్యాల అబ్బాయిది కావాలని అందరం అనుకున్నాం. బస్సు చార్జీలు మేం పెట్టుకుంటాం. రాత్రి మా ఇంట్లోనే ఉండొచ్చు.

మంజీర గారూ, మీరు కూడా రావాలి. ఆయనకు వ్యతిరేకంగానే మాట్లాడండి.

మంజీర
ఏప్రిల్ 11, రాత్రి 9:25

వస్తాను. నాకు ఇరవై నిమిషాలు కావాలి, మధ్యలో ఎవరూ ఆపకూడదు.

సప్తవర్ణం
ఏప్రిల్ 11, రాత్రి 9:50

చదవండి అన్నా. ఇరవై రెండేళ్లు అన్న చోట వయసు మార్చొద్దు.

నంద్యాల_అబ్బాయి
ఏప్రిల్ 12, ఉదయం 6:15

మా నాయనమ్మ కూడా వస్తానంటోంది. మేడ మెట్లు ఎన్ని?

కృష్ణాతీరం
ఏప్రిల్ 12, ఉదయం 6:40

ఇరవై ఆరు. కింద వరండాలోనే పెడతాం సభ.